కూలీలు లేరా, కాగితం మీద లేరా?

ఎవరి పొలం ఎవరు దున్నుతున్నారు, కూలి ఎంత, అప్పు ఎక్కడ తెచ్చారు అని ఇంటింటికీ తిరిగి రాసుకోవడం నా ఉద్యోగం. తిరుపతిలో టీ అంగడి దగ్గర నిలబడితే మాత్రం ఈ సంగతులన్నీ నాకంటే బాగా తెలిసినవాళ్లే కనిపిస్తారు. అక్కడ తరచుగా వినే మాటల్లో కొన్నింటికి ఇవి నా జవాబులు.

అపోహ: ఉపాధి హామీ వచ్చాక కూలీలు సోమరులయ్యారు, పొలం పనికి రావడం లేదు.

వాస్తవం: 2005 నాటి ఆ చట్టం ఏడాదికి 100 రోజుల పని చూపమన్నది కుటుంబానికి, మనిషికి కాదు. భార్యాభర్తలిద్దరూ వెళితే తలకు 50 రోజులు. మిగిలిన 300 పైచిలుకు రోజులు ఊరికే కూర్చుంటే ఏ ఇల్లూ గడవదు. అసలు కొరత ఏడాది పొడుగునా ఉండేది కాదు. వాన పడిన మర్నాడు వేరుశనగ విత్తడానికి ఊరంతటికీ ఒకేసారి మనుషులు కావాలి. జూన్, జూలైలలో తోతాపురి మామిడి కోతకు అదే గిరాకీ. ఆ కొద్ది వారాలు దాటాక పిలిచేవాళ్లుండరు. ఆ కొద్ది రోజుల కోసం ఏడాదంతా ఊళ్లోనే కాచుకుని ఉండమంటే ఎవరుంటారు? మగవాళ్లు తిరుపతిలో మేస్త్రీల దగ్గరికో, రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీ బస్సులకో వెళ్లిపోతున్నారు.

పల్లెల్లో మిగులు మనుషులు ఉన్నంతకాలం కూలి పెద్దగా పెరగదని, ఆ మిగులు తరిగాకే పెరుగుతుందని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లోనే చెప్పాడు. కూలి పెరిగితే రైతుకు బరువే, కాదనను. కానీ మనం అభివృద్ధి అని పిలిచేదానిలో సగం అదే.

అపోహ: కమతాలు చిన్నవి కాబట్టే వ్యవసాయం బాగుపడటం లేదు.

వాస్తవం: 2015-16 లెక్కల్లో మన రాష్ట్రంలో సగటు కమతం 0.94 హెక్టారు. చిన్నదే. అయితే ఎకరా దిగుబడిలో చిన్న రైతు వెనకబడలేదని అమర్త్య సేన్ 1962లోనే ఎత్తిచూపాడు. ఇంటిల్లిపాదీ ఆ చెక్కలోనే చెమటోడుస్తారు మరి. చేయగల సత్తా ఉన్నవాడికి పక్క చెక్క కూడా దొరకకపోవడమే చిక్కు. అది ఎందుకు దొరకదో చూడాలంటే కౌలు సంగతికి రావాలి.

అపోహ: కౌలుకు కాగితం రాసిస్తే భూమి చేజారిపోతుంది.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. 1956 నాటి కౌలుదారీ చట్టం కింద యజమాని తన ఇష్టం వచ్చినప్పుడు కౌలుదారును ఖాళీ చేయించలేకపోయేవాడు. దాంతో జనం రాతకోతలే మానేసి నోటిమాటకు దిగారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం దారి మార్చింది. ఒప్పందం 11 నెలలే, హక్కు పంట మీదే, భూమి మీద కాదు. కానీ యజమాని సంతకం లేనిదే కౌలుదారుకు గుర్తింపునిచ్చే సాగుదారు కార్డు రాదు.

పాకాల వైపు ఒక ఊళ్లో నాలుగు ఎకరాలు గుత్తకు, అంటే కౌలుకు, చేస్తున్న రైతును కలిశాను. యజమాని బెంగళూరులో ఉంటాడు. ఊరి సాగు రికార్డు అడంగల్‌లో ఆయన పేరే, పంట నష్టపరిహారం వచ్చినా ఆయన ఖాతాకే. "సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇస్తారు సార్" అన్నాడు. నేల బాగా సత్తువ తగ్గి కనిపిస్తే, చెరువు మట్టి తోలించుకోకూడదా అని అడిగాను. నవ్వాడు. "మట్టి బలం మూడేళ్లు ఉంటుంది. నా గుత్త ఒక్క ఏడే కదా!" నేను పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదివిన పాఠం అది.

కౌలుకు ఇవ్వడానికి జంకేవాళ్లలో కొందరు మామిడి మొక్కలు నాటి, కంచె వేసి పట్నం వెళ్లిపోతారు. వేరుశనగ చేనుకు కావలసినంత మంది ఆ తోటకు అక్కర్లేదు. యజమాని భయం చివరికి కూలీల పనిదినాలను మింగుతుంది. భూమి సంగతి వేరు, కూలి సంగతి వేరు అనుకునేవాళ్లు అలాంటి తోటను ఒకసారి చూడాలి.

అపోహ: ఫ్యాక్టరీ వస్తే ఊరంతా బాగుపడుతుంది.

వాస్తవం: భూమి ధర పెరిగితే లాభం పట్టాదారుకు. కూలీకి అందేది కూలి రేటు పెరిగితేనే. 2013 భూసేకరణ చట్టం ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కౌలుదారును, కూలీని కూడా బాధిత కుటుంబాల్లో చేర్చింది. మంచి మాటే. కానీ నోటిమాట గుత్తకు రుజువు ఎక్కడిది?

ఇతరుల కాగితాల్లో తప్పులు వెతికే నేను కూడా ఒకటి చేశాను. మొదటి ఏడాది నా ఫారంలో "వృత్తి" అనే గడి ఉండేది. ఒక అక్క "ఇంటి పనే నాయనా" అంటే అలాగే రాసుకున్నాను. లేచి వస్తుంటే ఆమె పాల క్యాను ఎత్తుకుని సేకరణ కేంద్రానికి బయలుదేరింది. పొద్దున కలుపు కూలికి వెళ్లివచ్చిందని పక్కింటావిడ చెప్పింది. ఇప్పుడు ఆ గడి లేదు. దాని బదులు "నిన్న తెల్లవారినప్పటి నుంచి ఏమేం చేశారు?" అని ఉంటుంది. జవాబు రాయడానికి పేజీన్నర పడుతోంది.