బొక్కల్లోంచి తీస్తే వేరు పోతుందా? పెద్దపేగు ల్యాప్రోస్కోపీ వెనుక కథ

మూడేళ్ల కిందట మా పెదనాన్నకు పెద్దపేగులో కుడివైపు క్యాన్సర్ గడ్డ ఉన్నట్టు తేలింది. కందుకూరు పక్క పొగాకు రైతు ఆయన. ఆపరేషన్‌కు నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకు వచ్చాడు (ఆ పేరు విని మేమంతా నవ్వుకున్నాం). ల్యాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ, తీస్తామని డాక్టరు చెప్పేసరికి మొహం మాడ్చుకున్నాడు. "బొక్కల్లోంచి తీస్తే వేరు లోపలే ఉండిపోదూ? బారుగా కోసి తీయమనరా" అన్నాడు. పక్క మంచాల వాళ్లూ నిజమేనన్నట్టు తలలూపారు.

ఊళ్లో వాళ్ల భయాలు ఇట్టాగే ఉంటాయిలే అనుకున్నాను. తర్వాత ఈ ఆపరేషన్ పుట్టుక గురించి చదివితే తెలిసింది, ఒకప్పుడు సర్జన్లదీ అదే భయమని.

కథ పిత్తాశయంతో మొదలవుతుంది. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె, 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరే దాన్ని రంధ్రాల్లోంచి తీశారు. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. పిత్తాశయం చిన్న సంచి. మెడ దగ్గర క్లిప్పులు వేసి, కత్తిరించి, బొడ్డు దగ్గరి రంధ్రంలోంచి లాగేయొచ్చు. పెద్దపేగుతో అంత సులువు కాదు. దానికి రక్తం తెచ్చే నాళాలను మొదటి దగ్గరే కట్టేయాలి. క్యాన్సర్ పాకే అవకాశమున్న లింఫ్ గ్రంథులు వాటి వెంటే ఉంటాయి, వాటిని కొవ్వుతో సహా తీయాలి. ఆపైన మిగిలిన రెండు కొసలనూ అతకాలి. ఆ అతుకు లీకైతే ప్రాణం మీదికొస్తుంది. ఇంతా చేసి, గడ్డ ఉన్న ముక్క బయటికి రావాలంటే ఐదారు సెంటీమీటర్ల కోత ఎటూ తప్పదు. అమెరికాలో మయామి సర్జన్ మోయిసెస్ జేకబ్స్ 1990లో దీన్ని చేసి, మరుసటి ఏడాది ప్రకటించారు.

ఆ ఉత్సాహం నాలుగేళ్లు కూడా నిలవలేదు. పరికరాలు దూర్చిన రంధ్రాల దగ్గరే క్యాన్సర్ మళ్లీ మొలిచిన కేసులు బయటపడ్డాయి. 1994లో నెదర్లాండ్స్ డాక్టర్లు తమ 14 మంది రోగుల్లో ముగ్గురికి అట్లా అయిందని రాశారు. పొట్ట ఉబ్బించడానికి ఎక్కించే కార్బన్ డయాక్సైడే క్యాన్సర్ కణాలను చిమ్ముతోందా అని కొందరికి అనుమానం. పరిశోధనలో భాగంగా తప్ప క్యాన్సర్‌కు ఈ పద్ధతి వాడొద్దని అమెరికాలో పెద్దపేగు సర్జన్ల సంఘం చెప్పింది. మా పెదనాన్న మాట అప్పట్లో అధికారిక వైఖరి అన్నమాట.

తీర్పు రావడానికి పదేళ్లు పట్టింది. అమెరికా, కెనడాల్లోని 48 ఆసుపత్రుల్లో 872 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి చూశారు. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో, మూడేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టింది ల్యాప్రోస్కోపీలో 16 శాతం మందికి, కోత ఆపరేషన్‌లో 18 శాతం మందికి. గాయం దగ్గర మొలవడం రెండింట్లోనూ ఒక శాతం లోపే. కాకపోతే అందులో చేసిన సర్జన్లు అంతకుముందే కనీసం 20 ఇట్టాంటి ఆపరేషన్లు చేసినవాళ్లు. ఆసుపత్రిలో ఉన్న రోజులేమో ఆరుకు బదులు ఐదు. హోర్డింగుల మీద రాసినంత మాయేమీ లేదు. ఆపరేషన్‌కు మాత్రం 95 నిమిషాల బదులు 150 పట్టింది. 2000లో కోత ఆపరేషనే మేలన్న బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్, 2006లో ల్యాప్రోస్కోపీకీ ఒప్పుకుంది.

మన దగ్గర గొడవలు ఎక్కువ ఇంకోచోట వస్తాయి. రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో కోయాల్సి వస్తే, "చేతకాక కోసేశారు" అంటారు బంధువులు. ఆ అమెరికా పరిశోధనలోనే ఐదుగురిలో ఒకరికి అట్లా మార్చారు. బ్రిటన్‌లో జరిగిన దాంట్లో మొదటి ఏడాది 38 శాతం మందికి మారిస్తే, ఆరో ఏడాదికి అది 16కు తగ్గింది. చేయి తిరగడమంటే అదే. లోపల పేగులు అంటుకుపోయి ఉన్నా, రక్తస్రావం ఎదురైనా వేళకు కోయడమే మంచి సర్జన్ పని అని నాకనిపిస్తుంది. ఆ మాట ముందురోజే కూర్చోబెట్టి చెబితే సగం గొడవలుండవు. ఇక పెద్దపేగు చివరి భాగమైన మలాశయం సంగతి వేరు. 2015లో అమెరికా, ఆస్ట్రేలియా పరిశోధనలు రెండూ అక్కడ ల్యాప్రోస్కోపీ కోతకు తీసిపోదని నిరూపించలేకపోయాయి.

పెదనాన్న చివరికి ఒప్పుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక రోజూ పొద్దున్నే నర్సు వచ్చి "గ్యాస్ పోయిందా పెద్దాయనా?" అని అడిగేది. మూడోరోజు పోయింది. పేగులు కదిలాయని వార్డు వార్డంతా సంబరపడింది. రెండు వారాలకు బయాప్సీ రిపోర్టొచ్చింది. తీసిన ముక్కలో పరీక్షకు కనీసం 12 లింఫ్ గ్రంథులుండాలంటారు. అందులో 16 ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇయ్యన్నీ ఆ బొక్కల్లోంచే వచ్చాయా?"

"కాదు పెదనాన్నా, బొడ్డు దగ్గర కోశారు కదా, అందులోంచి."

"చూశావా," అన్నాడు చొక్కా కిందికి లాక్కుంటూ, "కొయ్యక తప్పలేదు."