నీళ్లకింకా చలికాలమే

జూన్ మొదటి వారంలో మా మేనల్లుడు డులూత్ నుంచి వీడియో కాల్ చేశాడు. అమెరికాలో లేక్ సుపీరియర్ ఒడ్డున ఉన్న ఊరది. శనివారం ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి 16 అడుగుల మోటారు బోటులో సరస్సులోకి వెళ్తాడట. "ఎండ అదిరిపోతోంది మామయ్యా, 26 డిగ్రీలు. అయినా నేను రుషికొండలో ఈత నేర్చుకున్నవాణ్ణి కదా" అన్నాడు. నీళ్లు ఎన్ని డిగ్రీలురా అని అడిగాను. ఫోన్లో వెతికి చెప్పాడు: 6.

విశాఖలో పెరిగినవాళ్లకి ఈ ప్రశ్నే తట్టదు. మన సముద్రం ఏడాది పొడవునా ఇంచుమించు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. జాలరిపేటలో వేటకు వెళ్లేముందు గాలి చూస్తారు, కెరటం చూస్తారు. నీళ్ల వేడి చూసేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

సుపీరియర్ అంత చల్లగా ఉండడానికి కారణం నీటి గుణమే. మంచినీళ్లు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. చలికాలం పోయాక పైపొర కాస్త వేడెక్కి 4 డిగ్రీలకు చేరగానే బరువెక్కి కిందికి దిగిపోతుంది, అడుగునున్న చల్లనీరు పైకొస్తుంది. సరస్సంతా 4కు వచ్చేదాకా పైన వెచ్చని పొర నిలవదు. 406 మీటర్ల లోతు వరకు ఉన్న సరస్సుకి ఆ పని పూర్తయ్యేసరికి వేసవి సగం గడిచిపోతుంది.

ఆ తర్వాతైనా నమ్మకం లేదు. గాలి వెచ్చని పైపొరను ఒడ్డు నుంచి లోపలికి నెట్టేస్తే కింది చల్లనీరు రాత్రికి రాత్రే పైకొస్తుంది. ఇది మనకు బొత్తిగా తెలియని సంగతి కాదు. వేసవికి ముందు విశాఖ తీరంలోనూ ఇలా అడుగునీరు పైకొస్తుంది. 1950లలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి దీన్ని పరిశీలించారు. కాకపోతే మన చల్లనీళ్లలో ప్రాణం పోదు.

అక్కడ పోతుంది, అదీ మనమనుకున్నట్టు గడ్డకట్టి కాదు. చల్లనీళ్లలో పడగానే గుండెలనిండా ఊపిరి ఒక్కసారి లోపలికి ఎగబీలుస్తాం. అది మన చేతిలో లేదు. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే అంతే. చలికి ఒళ్లు ఏమవుతుందో పరిశోధించే కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని చెబుతారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. ఈ గంట లైఫ్ జాకెట్ తొడుక్కున్నవాళ్ల లెక్క.

జాకెట్ సీటు కింద ఉంటే చాలదా, పడ్డాక తొడుక్కోవచ్చు కదా? బకెట్లో ఐస్ వేసి, నీళ్లు 6 డిగ్రీలకు తెచ్చి, మోచేతి దాకా చేయి ముంచాను. అర నిమిషానికే ఎముకలు లాగేశాయి. 5 నిమిషాలకు తీసి స్కూటర్ హెల్మెట్ బకిల్ పెట్టుకోబోతే వేళ్లు నావి కానట్టే ఉన్నాయి. మూడుసార్లు జారింది. నేను నిల్చున్నది బాత్రూంలో, కెరటాల్లో కాదు.

అందుకే వాడికి మొదట చెప్పింది, ఒడ్డు మీదే జాకెట్ బిగించుకోమని. తర్వాత, డ్రైవర్ పడిపోతే ఇంజన్ ఆపేసే తాడు ఒంటికి తగిలించుకోమని. పెట్రోలు మూడు వంతుల్లో ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకూడదు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ వద్దు, బోటు రేడియోలో ఆపదకి పిలిచే 16వ ఛానల్ ఎలా పట్టాలో నలుగురికీ తెలియాలి.

గాలి గురించి మాత్రం వాదించాడు, సరస్సే కదా అని. డులూత్ పడమటి కొసన ఉంది. ఈశాన్యం గాలి తిరిగితే వందల కిలోమీటర్లు అడ్డులేకుండా వస్తుంది. అక్కడి అలలు మన బంగాళాఖాతం కెరటాల్లా బారుగా రావు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనకే ఒకటి వస్తాయి. చిన్న బోటు ఒక అల దిగేలోపే దాని ముక్కు రెండో అలలో గుచ్చుకుంటుంది.

ఎక్కడికి వెళ్లేదీ, ఎప్పటికి వచ్చేదీ నాకు వాట్సాప్ చేస్తానన్నాడు. వాడి సాయంత్రం 5 అంటే మనకు తెల్లవారుజామున 3:30. మెలకువగా ఉన్నా ఇక్కణ్ణుంచి ఎవర్ని కేకేస్తాను? అదే కాగితం మీద రాసి ఒడ్డునే ఉండే మనిషి చేతిలో పెట్టు, టైముకి రాకపోతే కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చేసే మనిషి చేతిలో, అన్నాను. సరేనన్నాడు. అయినా ఆదివారం 3:30కి అలారం పెట్టుకున్నాను.