డొక్కు కారు కాదండీ, కాంపాక్ట్! పాత అమెరికన్ బండ్ల మీద అపోహలు - వాస్తవాలు

మా గరాజ్‌లో 1963 డాడ్జ్ డార్ట్ ఒకటి ఉంది. నాలుగు డోర్లు, 225 క్యూబిక్ ఇంచుల స్లాంట్ సిక్స్ (పక్కకి వాలి ఉండే ఆరు సిలిండర్ల) ఇంజన్, గేరు కర్ర బదులు డాష్‌బోర్డు మీద బటన్లు. వారమంతా డెట్రాయిట్ శివార్లలో బ్రేకుల టెస్టింగ్ ఉద్యోగం, శని ఆదివారాలు ఈ బండి, లేకపోతే దీనిలాంటిదే ఇంకెవరిదో. పదమూడేళ్లుగా ఇదే వరస. ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లు ముందు "అబ్బ, భలే ఉందే" అంటారు, పప్పన్నం పూర్తయ్యేలోపు ఎక్కడెక్కడో విన్నవన్నీ మొదలుపెడతారు. చెప్పిందే చెప్పి విసుగొచ్చింది కాబట్టి ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: కాంపాక్ట్ అంటే చిన్న కారు

అమెరికా వాళ్ల లెక్కలో చిన్నది. 1960 ఫోర్డ్ ఫాల్కన్ పొడవు 181 అంగుళాలు, అంటే 4.6 మీటర్లు. మన అంబాసిడర్ 4.3 మీటర్లు. పెళ్లికి తొమ్మిది మందిని కుక్కుకుని వెళ్లిన అంబాసిడర్ కంటే వీళ్ల చిన్న కారు జానెడు పైనే పొడవు! ఆనాటి షెవర్లే ఇంపాలా 5.3 మీటర్లు ఉండేది, మనవాళ్లు పడవలాంటి కారు అన్నది అలాంటివాటినే. దాని పక్కన నిలబెడితే ఫాల్కన్ చిన్నదే మరి.

1955లో ఆపేసిన పాత రాంబ్లర్ అచ్చుల దుమ్ము దులిపి, 1958లో రాంబ్లర్ అమెరికన్ అని పేరు పెట్టి మళ్లీ అమ్మింది అమెరికన్ మోటర్స్. అది మాంద్యం ఏడాది, జనం చవక బండ్ల కోసం చూస్తున్నారు, బాగానే పోయింది. అది చూసి మూడు పెద్ద కంపెనీలూ ఒకేసారి దిగాయి: 1960 మోడళ్లుగా షెవర్లే కార్వేర్, ఫోర్డ్ ఫాల్కన్, క్రైస్లర్ వాళ్ల వేలియంట్. డాడ్జ్ కూడా క్రైస్లర్ వాళ్లదే, నా డార్ట్ ఆ వేలియంట్‌కి అన్నలాంటిది.

అపోహ: కార్వేర్ ఎక్కితే తిరగబడడమే, రాల్ఫ్ నేడర్ పుస్తకమే దాన్ని చంపింది

నేడర్ అంటే కార్ల భద్రత కోసం పోరాడిన అమెరికన్ లాయరు, ఈ కార్వేర్‌ని తిడుతూ పుస్తకం రాశాడు. ఇందులో రెండు మాటలున్నాయి, రెండింట్లోనూ కాస్త నిజం కలిసి ఉంది, అందుకే ఇన్నేళ్లయినా వదలడం లేదు.

కార్వేర్ ఇంజన్ వెనక ఉంటుంది, అల్యూమినియంది, ఆరు సిలిండర్లు, నీళ్లు అక్కర్లేదు, గాలితోనే చల్లబడుతుంది. 1960 నుంచి 64 దాకా వెనక స్వింగ్ ఆక్సిల్, అంటే మధ్యలో కీలు మీద ఊగే ఇరుసు, వాడారు. మలుపులో హద్దు మీరి తిప్పితే వెనక చక్రం లోపలికి మడుచుకుపోయే గుణం దానికి ఉంది, అది నిజం. దానికి కంపెనీ ఇచ్చిన మందేమిటంటే టైర్లలో గాలి! ముందు 15 పీఎస్ఐ, వెనక 26. ఈ తేడా పుస్తకంలో రాసి ఉంటుంది, కానీ గాలి కొట్టే కుర్రాడు కారు పుస్తకం చదువుతాడా? నాలుగింటికీ సమానంగా కొట్టి పంపేవాడు. ముందు ఒక యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) పెడితే చాలావరకు సర్దుకునేది, ఖర్చు కలిసొస్తుందని పెట్టలేదు. 1964లో అదీ పెట్టారు, వెనక అడ్డంగా ఒక కమాను పట్టీ కూడా వేశారు. 1965లో వెనక సస్పెన్షన్ మొత్తం కొత్తది వచ్చింది.

నేడర్ పుస్తకం వచ్చింది 1965 నవంబరులో, అంటే ఆయన తిట్టిన లోపం షోరూమ్‌లో ఉన్న బండికి అప్పటికే లేదు. 1972లో ప్రభుత్వ రవాణా భద్రతా సంస్థ నివేదిక కూడా, 60-63 కార్వేర్ తోటి బండ్లకంటే ఎక్కువేమీ తిరగబడదని తేల్చింది. అందుకని కార్వేర్ అభిమానులు నేడర్ పేరెత్తితే ఊగిపోతారు. నేనైతే ఆయన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయను. టైరులో గాలి పది పీఎస్ఐ తేడా వస్తే స్వభావమే మారిపోయే బండిని మామూలు జనానికి అమ్మకూడదు, నా ఉద్యోగంలో అలాంటిది టెస్టులో కనబడితే ఊరుకోరు.

ఇక చంపిందెవరంటే, నా లెక్కలో ఫోర్డ్ మస్టాంగ్. 1964 ఏప్రిల్లో వచ్చింది, పైన స్పోర్ట్స్ కారు సోకు, లోపల సగం మామూలు ఫాల్కన్. కార్వేర్‌లో సోకైన మోడల్ మోంజా కొనాల్సిన కుర్రకారంతా అటు పోయారు. పుస్తకం పుండు మీద కారం చల్లింది. అయినా 1969 మే దాకా బండి తయారవుతూనే ఉంది.

కార్వేర్ కొనేవాళ్లు నిజంగా అడగాల్సింది తిరగబడడం గురించి కాదు, ఆయిల్ గురించి. వాల్వుల్ని తెరిచే కడ్డీలుండే గొట్టాలు, అంటే పుష్ రాడ్ ట్యూబులు, పన్నెండు, ఒక్కోదానికి రెండు చివర్లా రబ్బరు రింగులు. వేడికి అవి గట్టిపడి పగిలి, ఆయిల్ ఒక్కో బొట్టే ఇంజన్ మీద పడుతుంది. 1961 నుంచి హీటర్‌కి వచ్చేది ఆ ఇంజన్ మీదుగా వీచిన గాలే. మిత్రుడి కార్వేర్ నా దగ్గర ఉన్నప్పుడు ఒక చలికాలం మా ఆవిడ ఎక్కి, రెండు వీధులు దాటకముందే "ఏంటండీ, మిరపకాయ బజ్జీల బండి వాసన" అని అద్దం దించేసింది. పాత రింగులు తీసేసి వేడికి తట్టుకునే విటాన్ రింగులు వేస్తే ఆ బాధ పోతుంది. ఇరవై నాలుగూ ఒకేసారి మార్చండి, కారేదొక్కటే మారుద్దామని మాత్రం అనుకోవద్దు.

అపోహ: పాత ఇనుము, గట్టిది, ఇప్పటి రేకు డబ్బాల కంటే సేఫ్

ఈ మాట వింటే మాత్రం నాకు బీపీ పెరుగుతుంది. 2009లో హైవే భద్రత కోసం అమెరికా బీమా కంపెనీలు నడిపే పరిశోధన సంస్థ 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ని, 2009 మాలిబూని గంటకు 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. బెల్ ఎయిర్ కాంపాక్ట్ కూడా కాదు, అసలు సిసలు ఓడ. దాని డ్రైవర్ సీటు చోటే నలిగిపోయింది. మాలిబూలో మనిషి చిన్న దెబ్బలతో బయటపడేవాడు. ఈ పాత బండ్లలో స్టీరింగ్ రాడ్డు ఛాతీ వైపు ఈటెలా ఉంటుంది, గుద్దుకున్నప్పుడు లోపలికి కుదించుకునే రకం ఆ తర్వాతెప్పుడో 67, 68ల్లో వచ్చింది.

అంతకంటే ముఖ్యం, బ్రేకులు. 1967 మోడళ్ల ముందు చాలా బండ్లకు మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు తోసేది) ఒకటే గది. నాలుగు చక్రాలకూ ఒకే దారి, ఎక్కడ లీకయినా నాలుగూ పోతాయి. బ్రేకుల మనిషిని, నాకు తెలీదా? తెలుసు. అయినా కొన్న రెండో ఏడు, సందు చివర స్టాప్ బోర్డు దగ్గర పెడల్ తొక్కితే మెత్తగా నేలదాకా వెళ్లిపోయింది. వెనక ఎడమ చక్రం వీల్ సిలిండర్ సీలు పోయింది. ముందురోజు గరాజ్ నేల మీద రూపాయి బిళ్లంత తడి కనిపిస్తే ఏసీ నీళ్లనుకున్నా, ఆ బండికి ఏసీయే లేదన్న సంగతి తట్టలేదు. వేగం తక్కువ కాబట్టి ఒకటో నంబర్ బటన్ నొక్కి, పార్కింగ్ బ్రేక్ లాగితే పక్కింటివాళ్ల పచ్చిక మీద ఆగింది. ఆ వారమే రెండు గదుల మాస్టర్ సిలిండర్ బిగించాను. ఒరిజినల్‌గానే ఉండాలని పట్టుబట్టే పెద్దమనుషులు నన్ను తిట్టుకోనీండి.

అపోహ: సీసం లేని పెట్రోల్ పోస్తే వాల్వు సీట్లు తినేస్తుంది

అమెరికాలో రోడ్డు బండ్లకు సీసం కలిపిన పెట్రోల్ 1996 జనవరి 1 నుంచి నిషేధం. అప్పట్నుంచి ఈ బండ్లన్నీ మామూలు పెట్రోల్‌తోనే తిరుగుతున్నాయి. రోజంతా హైవే మీద తొక్కేవాళ్లకు, బరువులు లాగేవాళ్లకు అరుగుదల ఉండొచ్చు. వారానికోసారి ఐస్‌క్రీమ్‌కి వెళ్లొచ్చే బండికి ఆ భయం అక్కర్లేదు. అనుమానముంటే సీసా మందులు కొనేబదులు వాల్వు దగ్గర సందు కొలిచే రేకులు, అదే ఫీలర్ గేజ్, పట్టుకోండి. స్లాంట్ సిక్స్‌లో ఇంజన్ వేడి మీద ఇన్‌టేక్ వాల్వు గ్యాప్ అంగుళంలో పది వెయ్యోవంతులు, ఎగ్జాస్ట్‌ది ఇరవై వెయ్యోవంతులు. సీటు అరిగితే ఎగ్జాస్ట్ గ్యాప్ తగ్గిపోతూ వస్తుంది. నాది ఏటా చూస్తాను, సర్దాల్సి వచ్చేది మహా అయితే ఒకటో రెండో.

అపోహ: పార్టులు దొరకవు, రిపేరు తెలిసినవాళ్లు లేరు

ఇంజన్ పార్టులు ఇంటికే వస్తాయి. దొరకనివి క్రోమ్ పట్టీలు, లైటు చుట్టూ ఉండే ముక్కలు, సీటు బట్ట. రిపేరు తెలిసినవాళ్ల సంగతే కాస్త కష్టం.

కిందటేడు ఒక తమ్ముడు, కరీంనగర్ అబ్బాయి, సరదాపడి పాత డార్ట్ కొన్నాడు. "అన్నా, తాళం తిప్పితే స్టార్ట్ అయితది, చెయ్యి వదిలేస్తే ఆగిపోతది, కార్బ్యురేటర్ పోయిందన్నరు" అని ఫోన్. అప్పటికే ఒక షాపులో కార్బ్యురేటర్ విప్పి బిగించి డబ్బులు తీసుకున్నారు. నాకు నవ్వాగలేదు. ఇంజనుకీ మన సీట్లకీ మధ్య గోడ, అంటే ఫైర్‌వాల్ మీద వేలెడంత తెల్ల పింగాణీ ముక్క ఉంటుంది, బ్యాలస్ట్ రెసిస్టర్. స్టార్టర్ తిరిగేంతసేపు కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా స్పార్క్ ఇచ్చే కాయిల్‌కి వెళ్తుంది, తాళం వదిలాక దాని గుండానే వెళ్లాలి. లోపల తీగ తెగితే సరిగ్గా ఇలాగే ఏడిపిస్తుంది. రెండు నిమిషాల పని, పెద్ద ఖరీదూ కాదు. క్రైస్లర్ బండ్లున్నవాళ్లంతా డాష్ డబ్బాలో ఒకటి అదనంగా పెట్టుకుంటారు.

అదే అబ్బాయి ఎడమ చక్రం విప్పబోయి బోల్టు విరిచాడు. పైపు తగిలించి మరీ తిప్పాడట, పాపం. ఆ రోజుల్లో క్రైస్లర్ బండ్లకు ఎడమవైపు చక్రాల నట్లు ఉల్టా మరలు. మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతాయి. బోల్టు చివర చిన్న "ఎల్" అక్షరం ఉంటుంది, తుప్పు కింద అది కనబడితే అదృష్టం.

తుప్పు అంటే గుర్తొచ్చింది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఈ బండ్లకు అసలు యముడు అదే. ఫాల్కన్ కొనేముందు ముందద్దం కింద గాలి జల్లెడలో చెంబెడు నీళ్లు పోసి, లోపల మీ కాళ్ల దగ్గర చూడండి. తడి కనబడిందా, నమస్కారం పెట్టి వచ్చేయండి.

మిగిలినవి చకచకా

షెవర్లే వాళ్ల కారు పేరు "నోవా" అంటే స్పానిష్‌లో "నడవదు" అని అర్థమట, అందుకే లాటిన్ అమెరికాలో అమ్ముడుపోలేదట: కట్టుకథ. మెక్సికోలో, వెనిజులాలో బాగానే అమ్ముడుపోయింది. మెక్సికో ప్రభుత్వ కంపెనీ నోవా పేరుతోనే పెట్రోల్ కూడా అమ్మింది.

పెట్టుబడి: రెండు డోర్ల కన్వర్టిబుల్ అయితే ఏమో. నాలుగు డోర్ల ఆరు సిలిండర్ల బండి మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుందని మాత్రం నా భార్యకు ఇప్పటికీ చెప్పలేకపోయాను.

మైలేజీ: నాది గ్యాలన్‌కి 20 మైళ్లు, అంటే లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. అరవయ్యేళ్ల బండికి చాలదా?

ఆ లెక్క ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, బండితోపాటు ఒక చిన్న నోటుపుస్తకం వచ్చింది. అమ్మిన పెద్దాయన ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ తారీఖు, గ్యాలన్లు, మైళ్లు పెన్సిల్‌తో రాశాడు. మధ్యమధ్య వేరే దస్తూరీ, అది వాళ్లావిడది. గేరు కర్రంటే భయపడి, ఈ బటన్ల మీదే డ్రైవింగ్ నేర్చుకుందట. తాళాలిస్తూ ఆయన "ఆమె వెళ్లిపోయాక దీన్ని గరాజ్‌లోంచి తీయలేదు" అన్నాడు. పుస్తకంలో పద్దెనిమిది పేజీలు ఖాళీగా మిగిలాయి, ఇప్పుడు ఏడే ఉన్నాయి.

మిషిగన్‌లో హిస్టారిక్ ప్లేటు ఉంటే పరేడ్లకు, ప్రదర్శనలకు, క్లబ్బు పనులకే తిప్పాలి, ఆగస్టు నెల మాత్రం మామూలుగా ఎక్కడికైనా వెళ్లొచ్చు. మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు, 1995 నుంచి జరుగుతోంది. ఈసారి కరీంనగర్ తమ్ముడూ తన బండి తెస్తానన్నాడు. దానికి ముందు నా వెనక ఎడమ డ్రమ్ము విప్పి సిలిండర్ చూడాలి, మళ్లీ కొంచెం తడి కనిపిస్తోంది.