జైలుకూ ఆసుపత్రికీ మధ్య తప్పిపోయిన మనుషులు

1951లో అస్సాంలో ఒక గిరిజన యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. ఎవరినో తీవ్రంగా గాయపరిచాడని కేసు. మానసిక స్థితి బాగోలేదని అతన్ని తేజ్‌పూర్‌లోని మానసిక చికిత్సాలయానికి పంపారు. 1967లో డాక్టర్లు అతను కోలుకున్నాడని రాసిచ్చారు. అయినా కేసు విచారణ జరగలేదు, అతన్ని ఇంటికీ పంపలేదు. ఆసుపత్రి నుంచి జైలుకు మార్చారు, అంతే. 2005లో జాతీయ మానవ హక్కుల కమిషన్ కల్పించుకున్నాక బయటికి వచ్చేసరికి 54 ఏళ్లు గడిచిపోయాయి. సుప్రీంకోర్టు అతనికి 3 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. 2007లో ఆయన చనిపోయారు.

ఇది ఎవరో ఒక గుమస్తా ఫైలు పోగొట్టడం వల్ల జరిగింది కాదు. ఇలాంటివాళ్లు బిహార్‌లో, బెంగాల్‌లో, ఉత్తరప్రదేశ్‌లో కూడా దొరికారు. మానసిక జబ్బు ఉన్న నిందితుణ్ని ఏం చేయాలన్న విషయంలో మన చట్టం మొదటి నుంచీ ఎలా ఆలోచించిందో చూస్తే తప్ప ఇది అర్థం కాదు.

1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపాడు. మతిస్థిమితం లేదని జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పుడు అక్కడి న్యాయమూర్తులు కొన్ని సూత్రాలు చెప్పారు. తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాణ్ని నేరస్థుడు అనకూడదన్నది వాటి సారం. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 84వ సెక్షన్‌గా వచ్చింది ఇదే. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షన్.

చాలామంది మూడు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపేస్తారు. నేరం జరిగిన క్షణంలో మనిషి స్థితి ఏమిటన్నది ఒకటి. 84వ సెక్షన్ చూసేది అదే, అది రుజువైతే శిక్ష ఉండదు. కోర్టులో నిలబడి తన తరఫున చెప్పుకోగలడా అన్నది రెండోది. చెప్పుకోలేకపోతే విచారణ ఆపేయాలి, కానీ కేసు మాత్రం బతికే ఉంటుంది. జైలుకు వచ్చాక జబ్బు పడినవాళ్లు మూడో రకం. అస్సాం మనిషి రెండో రకం. మనుషులు ఎక్కువగా తప్పిపోయింది ఇక్కడే. శిక్ష పడినవాడికి విడుదల తేదీ ఉంటుంది. విచారణ ఆగిపోయినవాడికి ఉండదు. నయమయ్యేదాకా ఉంచమని చట్టం అంటుంది. నయమైందని ఆసుపత్రి జైలుకు రాయాలి, జైలు కోర్టుకు రాయాలి, కోర్టు మళ్లీ వాయిదా వేయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఆగినా మనిషి లోపలే ఉండిపోతాడు. బయట అడిగే బంధువులు లేకపోతే ఇక చెప్పక్కర్లేదు.

వీళ్లను ఉంచిన చోట్ల సంగతి చూద్దాం. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం మానసిక రోగుల ఆశ్రమాల కోసం చట్టం చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవి మద్రాసు, కాలికట్, విశాఖపట్నం. ఉత్తర కోస్తా మొత్తానికి వాల్తేరులోని ఆసుపత్రే దిక్కు. నిజాం ఏలుబడిలోని ఆసుపత్రి జాల్నాలో ఉండేది, అది 1953లో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు వచ్చింది. ఈనాటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో మానసిక జబ్బున్న ఖైదీలను ప్రధానంగా పంపేది విశాఖకు, ఎర్రగడ్డకే. కోర్టు నుంచి ఆసుపత్రి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే, మేజిస్ట్రేటుకు దగ్గరగా కనిపించేది జైలే. మానసిక రోగుల కోసం 1912లో కొత్త చట్టం (ఇండియన్ లూనసీ యాక్ట్) వచ్చాక కూడా ఇదే నడిచింది. పైగా ఏ నేరమూ చేయకుండా వీధుల్లో తిరిగే రోగులను కూడా ‘భద్రత’ పేరుతో జైళ్లలో పెట్టేవారు. స్వాతంత్ర్యం వచ్చి నాలుగు దశాబ్దాలు దాటినా ఇది ఆగలేదు. పాత్రికేయురాలు షీలా బార్సే వేసిన కేసులో 1993లో సుప్రీంకోర్టు, నేరం చేయని మానసిక రోగిని జైల్లో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగవిరుద్ధం అని తేల్చాల్సి వచ్చింది. ఇంత చిన్న మాట చెప్పించుకోవడానికి మనకు అంతకాలం పట్టింది.

అంతకు పదేళ్ల ముందే బిహార్ నుంచి రెండు కేసులు వచ్చాయి. 1982లో హజారీబాగ్ ఉచిత న్యాయ సహాయ కమిటీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ భగవతికి ఒక ఉత్తరం రాసింది. అక్కడి సెంట్రల్ జైల్లో కొందరు ఎప్పుడో కోలుకున్నా రెండు మూడు దశాబ్దాలుగా లోపలే ఉన్నారని అందులో ఉంది. వాళ్లను విడిచిపెడుతూ, ఊరికి దారి ఖర్చులు, వారం రోజుల గ్రాసం ఇవ్వమని కోర్టు చెప్పింది. ఒక జీవితమంతా తీసేసుకుని వారం రోజుల తిండి ఇవ్వడం! అప్పటి న్యాయశాస్త్రానికి అంతకుమించి చేతకాలేదు. మరుసటి ఏడాది రుదుల్ షా కేసు వచ్చింది. 1968లో నిర్దోషి అని తీర్పు వచ్చినా ఆయన్ను 1982 దాకా వదల్లేదు. ఎందుకని అడిగితే మతిస్థిమితం లేదని అధికారులు చెప్పారు. ఆ మాటకు సరైన ఆధారం చూపలేకపోయారు. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే నేరుగా పరిహారం ఇప్పించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది ఈ కేసులోనే.

తర్వాత చట్టాలు మెల్లగా మారాయి. 1912 చట్టం స్థానంలో 1987 మానసిక ఆరోగ్య చట్టం వచ్చినా, అమల్లోకి రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. 2008లో నేర విచారణ పద్ధతిని చెప్పే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి, ఆసుపత్రిలో ఉండాల్సిన అవసరం లేని నిందితుణ్ని బంధువుల పూచీ మీద బెయిల్‌పై పంపి బయట వైద్యం చేయించే వీలు కల్పించారు. బెయిల్ ఇవ్వలేకపోతే, సైకియాట్రిస్టు వైద్యం అందే చోటే ఉంచాలన్నారు. నా దృష్టిలో ఈ వందేళ్లలో వచ్చిన మార్పుల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. అయితే దీని గురించి తెలిసిన కుటుంబాలు ఎన్ని ఉంటాయి?

జైళ్లలో మానసిక జబ్బున్నవాళ్లు ఎంతమందో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అధ్యయనం బయటపెట్టింది. 2011లో వచ్చిన ఆ నివేదిక కోసం అక్కడి సెంట్రల్ జైల్లో 5,024 మంది ఖైదీలను పరీక్షించారు. మద్యం, మత్తు అలవాట్లను పక్కన పెట్టి చూసినా 27.6 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉంది. అలవాట్లను కూడా కలిపితే ఆ సంఖ్య 80 శాతానికి చేరువైంది. 2017 నుంచి 2021 వరకు దేశంలోని జైళ్లలో సంభవించిన 817 అసహజ మరణాల్లో 660 ఆత్మహత్యలేనని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ చెప్పింది. నేరం చేసినవాడికి ఈ సేవలన్నీ ఎందుకు అనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2022 చివరికి జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. వాళ్ల నేరం ఇంకా రుజువు కాలేదు.

2019లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఉరిశిక్ష పడ్డ ఒక ఖైదీకి జైల్లో తీవ్రమైన మానసిక జబ్బు వచ్చింది. శిక్ష తర్వాత వచ్చిన జబ్బు కూడా ఉరిని తగ్గించడానికి కారణం కావచ్చని చెప్పి, అతని శిక్షను జీవితకాల జైలుగా మార్చారు. రోగి వివరాలు బయటపడకుండా తీర్పులో అతని పేరు కూడా రాయలేదు. దాన్ని రాసింది తెలుగువారైన జస్టిస్ ఎన్‌.వి. రమణ. అతనికి వైద్యం అందేలా చూడమని కూడా ప్రభుత్వాన్ని ఆదేశించారు.

ఆ ఆదేశానికి ఆధారం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 103వ సెక్షన్. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక వైద్య కేంద్రం పెట్టాలని అది అంటుంది. జైల్లో మానసిక రోగులెవరూ లేరని జైలు డాక్టరు మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి రిపోర్టు పంపాలి. మండలి సభ్యులు జైలుకు వెళ్లి, అలాంటివాళ్లు కనిపిస్తే ఎందుకు ఉంచారని అడగొచ్చు. జైలు డాక్టర్లందరికీ ప్రాథమిక మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు.

మనుషుల లెక్క మాత్రం వేరుగా ఉంది. 500 మంది ఖైదీలకు ఒక సైకాలజిస్టు ఉండాలని 2016 నమూనా జైలు మాన్యువల్ చెబుతుంది. న్యాయ వ్యవస్థ పనితీరును లెక్కగట్టే ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశంలోని జైళ్లన్నిటికీ కలిపి ఉన్న సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు 25 మంది. బయటి ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే పోలీసు ఎస్కార్టు కావాలి. బందోబస్తు డ్యూటీలుంటే ఎస్కార్టు రాదు, ఆ రోజు చికిత్స తప్పుతుంది, మందులు మధ్యలో ఆగుతాయి, జబ్బు తిరగబెడుతుంది. తెలంగాణ జైళ్ల శాఖ ‘ఉన్నతి’ పేరుతో సైకాలజిస్టుల సాయంతో ఖైదీలకు శిక్షణ నడిపింది. అది ప్రవర్తన మార్చే కార్యక్రమం, మందులు అవసరమైన జబ్బుకు వైద్యం కాదు. రెండూ కావాలి.

2024 జులై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. మానసిక స్థితి బాగోలేని నిందితుల సంగతి అందులో 367వ సెక్షన్ నుంచి మొదలవుతుంది. పాత కోడ్‌లోని పద్ధతే దాదాపుగా కొనసాగుతోంది. మీ ఇంట్లోవాళ్లో తెలిసినవాళ్లో ఈ స్థితిలో జైల్లో ఉంటే, పాత వైద్యం చీటీలు ఏమున్నా లాయరుకు ఇచ్చి కోర్టు ముందు పెట్టించండి. లాయరును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మానసిక రోగికి ఉచిత న్యాయ సహాయం 2017 చట్టం ఇచ్చిన హక్కు. ఆ హక్కు ఉందని అతనికి చెప్పాల్సిన బాధ్యతను అదే చట్టం పోలీసు మీద, మేజిస్ట్రేటు మీద, జైలు అధికారి మీద పెట్టింది.