విల్లో జెన్షియన్: అపోహలు - వాస్తవాలు

జెన్షియన్లు ఎక్కువగా చల్లని కొండ ప్రాంతాల్లో పెరిగే పూల మొక్కలు; విల్లో జెన్షియన్ వాటిలో ఒక జాతి. వృక్షశాస్త్రం బోధించే నాకు వీటి గురించి తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: జెన్షియన్లన్నీ చెట్లు మొలవని ఎత్తుల్లోనే పూస్తాయి.

వాస్తవం: ఫొటోల్లో ఎక్కువగా కనిపించేవి అలాంటివే. విల్లో జెన్షియన్ మాత్రం అచ్చమైన అడవి మొక్క. ఆల్ప్స్, కార్పేథియన్, కాకసస్ పర్వతాల్లో బీచ్, స్ప్రూస్ చెట్ల నీడన, తేమ నేలల్లో పెరుగుతుంది. కాండం రెండడుగుల దాకా లేచి ఒక పక్కకు వంగుతుంది. వేసవి చివర పై ఆకుల మొదళ్లలో ముదురు నీలం పూలు విచ్చుకుంటాయి. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దీని ఆకుల అమరిక. వెలుతురు బాగా తగిలేచోట ఒక జతకు పై జత అడ్డంగా తిరిగి, ఆకులు నాలుగు వరుసలుగా ఉంటాయి. దట్టమైన నీడలో అవే ఆకులు మెలితిరిగి రెండే వరుసల్లో పరుచుకుంటాయి. అందిన కాస్త వెలుగునూ ప్రతి ఆకూ పట్టుకోగలుగుతుంది. నీడ దీనికి శిక్ష కాదు, ఇల్లు.

అపోహ: పుప్పొడి, దాన్ని అందుకునే కీలాగ్రం ఒకే పువ్వులో ఉన్నాయి కాబట్టి తుమ్మెదలతో పనిలేదు.

వాస్తవం: పుప్పొడి ముందు పండుతుంది, కీలాగ్రం తరువాత విచ్చుకుంటుంది. లేత పువ్వు పుప్పొడిని ముదురు పువ్వుకు చేర్చేవి బంబుల్ తేనెటీగలే.

అపోహ: పిల్లల నోటిపూతకు పూసే జెన్షన్ వయొలెట్ ఈ పువ్వు రసమే.

వాస్తవం: కాదు. అది 19వ శతాబ్దంలో రసాయనికంగా తయారుచేసిన రంగు. పువ్వుతో పోలిక రంగులోనే.

అపోహ: మన నేలవేము కూడా చేదే కాబట్టి జెన్షియన్ కుటుంబానిదే.

వాస్తవం: నేలవేము అడ్డసరం కుటుంబానిది. జెన్షియన్లకు నిజమైన బంధువు హిమాలయాల్లో దొరికే కిరాతతిక్తం అనే చేదు మొక్క.

అపోహ: అడవిలో జెన్షియన్ వేరు తవ్వుకుని కషాయం కాచుకోవచ్చు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. యూరప్‌లో చేదు మందులకు, మద్యాలకు వాడేది వేరే జాతి, పసుపు జెన్షియన్. పూయని దశలో దాన్ని పోలి ఉండే తెల్ల వెరాట్రం అనే మొక్క తీవ్రమైన విషం. పొరబడి తిని ఆసుపత్రి పాలైనవారున్నారు. జెన్షియన్ ఆకులు కణుపుకు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. వెరాట్రం ఆకులు ఒక్కొక్కటిగా, మార్చి మార్చి వస్తాయి. తేడా తెలిసినా తవ్వవద్దు. విల్లో జెన్షియన్‌ను పెకిలించి తెచ్చి నాటితే సరిగా కోలుకోదు. చల్లని దేశాల్లో స్థిరపడిన తెలుగువారు పెంచుకోవాలనుకుంటే నర్సరీలో విత్తనం నుంచి పెరిగిన మొక్కను కొని, నీడలో, తేమ ఆరని చోట నాటి, మళ్లీ కదపకుండా వదిలేయండి.