వేలాడే కోడి, వెలవెలబోయిన హీరో

కొత్త సినిమా వచ్చిన మూడో రోజుకి ఈ గొడవ మామూలే. తండ్రి వేషం వేసినాయన నటనలో కుర్ర హీరోని మింగేశాడని ఒకరంటారు, టికెట్లు ఎవరి పేరు మీద తెగుతున్నాయో చూసుకోండని ఫ్యాన్స్ లేస్తారు. 2025 జులైలో కోట శ్రీనివాసరావు పోయినప్పుడు ఆయన పాత సీన్లన్నీ మళ్ళీ ఫోన్లలో తిరిగాయి, వాటి వెనకే ఈ వాదనా వచ్చింది.

మాయాబజార్‌లో ఎస్వీఆర్ ఘటోత్కచుడిగా హీరోల్ని మించిపోయిన సంగతి అందరికీ తెలుసు, వదిలేద్దాం. ఆ రోజుల్లో వయసు లెక్కలే వేరు. తెర మీద ఎన్టీఆర్‌కి తండ్రిలా కనిపించిన గుమ్మడి ఆయనకన్నా నాలుగేళ్ళు చిన్న.

నన్నడిగితే అసలు మలుపు 1975లో ముత్యాలముగ్గు. కాకినాడ దగ్గర పుట్టి నాటకాల్లో నలిగిన రావు గోపాలరావు కాంట్రాక్టరుగా కూర్చుని, ముళ్ళపూడి వెంకటరమణ మాటల్ని గోదావరి జిల్లా తీరిగ్గా నమిలినట్టు పలికితే, పాటలకి మల్లే ఆ డైలాగులు కూడా రికార్డులుగా అమ్ముడయ్యాయి. అందులో హీరో శ్రీధర్ అని ఇప్పుడు ఎంతమంది చెప్పగలరు? పన్నెండేళ్ళకి అహ నా పెళ్ళంట. పిసినారి లక్ష్మీపతి వేషానికి నిర్మాత రామానాయుడు మనసులో ఉన్నది ఇదే రావు గోపాలరావు, దర్శకుడు జంధ్యాల మాత్రం కోటే కావాలని పట్టుబట్టారు. కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే ఆ మనిషి ముందు హీరో రాజేంద్రప్రసాద్ అంతటివాడు కూడా కాసేపు పక్కకి జరగాల్సొచ్చింది.

వీళ్ళిద్దరి మాటకీ ఒక ఊరుంది. కోటది కంకిపాడు, అయినా 1985లో ప్రతిఘటన సినిమాలో తెలంగాణ యాస పట్టుకుని జనాన్ని భయపెట్టాడు. మన కుర్ర హీరోలు మాట్లాడే తెలుగు ఏ జిల్లాదో నాకిప్పటికీ అంతుపట్టదు.

తర్వాత ముంబై నుంచి విలన్లని తెచ్చి, వేరేవాళ్ళతో డబ్బింగ్ చెప్పించే పద్ధతి పెరిగింది. మనవాళ్ళని వదిలేసి పరభాషల వాళ్ళని తెస్తున్నారని కోట బహిరంగంగానే మండిపడేవారు. మార్కెట్ పెద్దదైంది, బయట తెలిసిన ముఖం కావాలి అన్నది నిర్మాతల మాట. గొంతు అరువు తెచ్చుకున్న విలన్‌తో హీరోకి పోటీ ఉండదన్నది మాత్రం ఎవరూ పైకి అనరు.

2014లో లెజెండ్‌తో జగపతిబాబు విలన్‌గా మారాక పాత పోటీ మళ్ళీ మొదలైంది. తమాషా ఏంటంటే, కోట ముందు పక్కకి జరిగిన ఆ రాజేంద్రప్రసాదే అంతకుముందే 2012లో జులాయి సినిమాలో పోలీసాఫీసరుగా వచ్చాడు, ఈసారి ఆయన పక్కన కుర్ర హీరో అల్లు అర్జున్.