ఫీల్డ్ ట్రిప్ అంటే పిక్నిక్కేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైస్కూల్ పిల్లలను బడి బయటికి తీసుకెళ్దామని ఎవరైనా అంటే చాలు, స్టాఫ్ రూమ్‌లో కాదనడానికి బోలెడు కారణాలు వస్తాయి. నల్గొండ జిల్లాలో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరుగా నేను తరచూ వినేవి ఇవి. కొన్నిటిలో నిజం లేకపోలేదు.

అపోహ: టూర్ అంటే దూరం పోవాలి, ఖర్చు పెట్టాలి.

నాగార్జునసాగర్, జూపార్క్, ఫిల్మ్ సిటీ. మన టూర్లు వీటి చుట్టే తిరుగుతాయి. వెళ్లొద్దనను. కానీ ఊరి చెరువు కట్ట మీదికి పోవడానికి బస్సెందుకు? తూము అడుగున ఎందుకు పెట్టారు, చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే మత్తడి కట్ట కంటే తక్కువ ఎత్తులో ఎందుకుంది, కట్ట కిందికి పోయినకొద్దీ ఎందుకు వెడల్పవుతుంది? పీడనం గురించి చెప్పాల్సిందంతా అక్కడే ఉంది. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటిని పిలిచి మాట్లాడించండి, సగం పాఠం ఆయనే చెప్తాడు.

అపోహ: పదో తరగతి సిలబస్ వెనకబడుతుంది.

పాఠంతో సంబంధం లేని టూరైతే నిజంగానే వెనకబడుతుంది. అందుకే ముందు పాఠం పట్టుకొని, తర్వాత చోటు వెతకాలి. కాంతి పాఠానికి నాకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని మించింది దొరకలేదు. కుందూరు చోడుల కాలం నాటి ఈ గుడి నల్గొండ పట్టణం పక్కనే ఉంటుంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కనిపిస్తుంది. సూర్యుడు జరుగుతున్నా ఆ నీడ జరగదు.

"ఎదురుగా ఉన్న స్తంభం నీడ సార్" అని పిల్లలు టక్కున అనేస్తారు. మరి బడిలో జెండా కర్ర నీడ పొద్దున ఒక దిక్కు, సాయంత్రం ఇంకో దిక్కు పడుతుంది కదా, ఇదెందుకు కదలదు? అక్కడ మొదలవుతుంది వాదన. ఒకడు ఎదుటి స్తంభం దగ్గర నిలబడి తన నీడ పడుతుందేమో చూస్తాడు, ఇంకొకరు పక్కల నుంచి వెలుతురు ఎటు వస్తోందో వెతుకుతారు. లోపలికి నేరుగా ఎండ రావడం లేదని, పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురును స్తంభాలు అడ్డుకుంటున్నాయని వాళ్లంతట వాళ్లు పట్టుకునే దాకా నేను నోరు విప్పను. కష్టమే, టీచర్లకు ఊరుకోవడం చేతకాదు. తిరిగొచ్చాక అట్టపెట్టెకు పక్కన కిటికీలు కోసి, చాక్‌పీసులు స్తంభాలుగా నిలబెట్టి చూస్తాం. ఆ తర్వాత, వెలుతురు ఇలా చెదరడాన్ని చెప్పే పరిక్షేపణం అనే మాటను బట్టీ పట్టించాల్సిన పని ఉండదు.

అపోహ: ఊళ్లో పనివాళ్లు హైస్కూల్ పిల్లలకు ఏం నేర్పిస్తారు?

పోచంపల్లి మగ్గం దగ్గరికి పోయి చూడండి. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. గ్రాఫ్ కాగితం మీది గడి చీర మీద ఎక్కడ పడాలో ముందే లెక్క ఉంటుంది. నిరూపక జ్యామితి అంటే ఇంకేముంది? నేయకముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడానికి అమ్మ పడే భుజం నొప్పి చూసి యంత్రం తయారు చేసిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం బడి మధ్యలో మానేసినవారే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలను పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోమంది. ఒక్క మాట: నేతన్నను బడికి పిలిస్తే శాలువాతో సరిపెట్టకండి. ఆ రోజు ఆయన కూలి పోతుంది, అది ఇవ్వండి.

అపోహ: ఊరి భాగస్వామ్యం అంటే విరాళం.

ఫ్యాన్లు, బెంచీలు, ఫ్లెక్సీ, ఫొటో. వీటిని కాదనలేం గానీ బడికి ఎక్కువ కావాల్సింది మనుషుల సమయం. మా జిల్లాకు తెలిసిన బాధనే తీసుకోండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. పిల్లలు తలా ఒక సీసాలో బోరు నీళ్లు తెచ్చి, ఏ బోరు, ఎంత లోతు అని రాసి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయిస్తే అది ప్రాజెక్టు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. మన పిల్లల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

అయితే మా జిల్లా మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగడం వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లను చూపించడానికి తరగతిని గుంపుగా తోలుకుపోవడం నాకు నచ్చదు. వాళ్లే ఇష్టపడి చెప్తామంటే, ఇద్దరు ముగ్గురు పిల్లలు పక్కన కూర్చొని వింటే చాలు.

అపోహ: తల్లిదండ్రుల సంతకం ఉంటే టెన్షన్ లేదు.

సంతకం పిల్లలను కాపాడదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో పైన డ్యామ్ నుంచి నీళ్లు వదలడంతో బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అందుకే టీచరు ఒకసారి ముందే పోయి చోటు చూసి రావాలి. నీళ్ల దగ్గరైతే ఎక్కడి దాకా పోవచ్చో గీత గీయాలి. ఆడపిల్లలకు టాయిలెట్ ఎక్కడుందో కూడా అప్పుడే చూసుకోండి. అది లేక పొద్దంతా నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలుంటారు.

అపోహ: తిరిగొచ్చి వ్యాసం రాస్తే అయిపోయినట్టే.

"మేము ఉదయం ఆరు గంటలకు బస్సెక్కాము" అని మొదలయ్యే వ్యాసాలు దిద్దీ దిద్దీ విసుగొచ్చింది. దాని బదులు బయలుదేరే ముందు రోజే ఒక్కొక్కరి చేత ఒక్కో ప్రశ్న రాయించండి. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు దగ్గరికి పోతుంటే: ఊడ వేరా, కాండమా? మొదటి మాను ఏదో ఎలా చెప్పాలి? 2018లో చెదపురుగుల కోసం చెట్టుకు సెలైన్ బాటిళ్లతో మందెక్కించారు, నేరుగా కొమ్మల మీద చల్లితే సరిపోదా? జవాబు దొరకని ప్రశ్నలతో మర్నాడు బయాలజీ పీరియడ్ మొదలుపెట్టండి. ప్రాజెక్టు మార్కులు కూడా ఆ ప్రశ్నకు, దాని వెంట పిల్లలు చేసిన పనికి వేయండి.